పాటలకు మార్కులు వేసే లెక్క

కంప్యూటర్లోనో ఫోన్లోనో వేల పాటలు పోగుపడ్డాక, వాటిలో నిజంగా నచ్చినవేవో వేరు చేసుకోవడానికి మ్యూజిక్ ప్లేయర్లు మొదట చూపిన దారి స్టార్ రేటింగ్. పాట పేరు పక్కన ఐదు నక్షత్రాలుంటాయి, వినేవారు తమకు తోచినన్ని వెలిగిస్తారు. ఆ పని మనిషి మీద పెట్టకుండా, ఏ పాటను ఎన్నిసార్లు విన్నారు, దేన్ని చివరిదాకా ఉంచారు, దేన్ని మధ్యలోనే మార్చేశారు అన్న వివరాలను బట్టి ప్లేయరే మార్కులు వేసుకోవడం ఆటో రేటింగ్.

యాపిల్ సంస్థ 2002 జులైలో తెచ్చిన ఐట్యూన్స్ 3లో స్టార్ రేటింగు, పాట ఎన్నిసార్లు మోగిందో చెప్పే ప్లే కౌంటు, స్మార్ట్ ప్లేలిస్టు మూడూ కలిసే వచ్చాయి. నాలుగు స్టార్లకు తగ్గని పాటల్లో నెల రోజులుగా విననివి కావాలని ఒక నియమం రాసి పెడితే, ఆ జాబితా తనంతట తానే తయారై, రోజూ మారుతూ ఉండేది. పాత క్యాసెట్ల కాలంలో ఊహకైనా అందని సౌకర్యం అది. కాకపోతే స్టార్లు ముందే ఉండాలి. ఐదు వేల పాటలున్న లైబ్రరీలో ఒక్కో పాటకు పది సెకన్లు కేటాయించినా దాదాపు 14 గంటల పని. పది సెకన్లలో పాట సంగతి తేలేదీ లేదు. మొదట కొన్ని వందల పాటలకు ఉత్సాహంగా స్టార్లిచ్చి, ఆ తర్వాత ఆ గడి జోలికే పోకపోవడం మామూలు.

ఇచ్చిన స్టార్లనైనా నమ్మవచ్చా అంటే, అదీ అనుమానమే. తమ వీడియోలకు వచ్చే రేటింగుల్లో అత్యధికం ఐదు స్టార్లేనని, మధ్యలో ఉన్న రెండు, మూడు, నాలుగు దాదాపు వృథాగా పడి ఉన్నాయని యూట్యూబ్ 2009లో బయటపెట్టింది. మరుసటి ఏడాది స్టార్లు తీసేసి బొటనవేలి గుర్తులు పెట్టింది. నెట్‌ఫ్లిక్స్ కూడా 2017లో అదే దారి పట్టింది. బాగా నచ్చితే మనిషి మీట నొక్కుతాడు. నచ్చకపోతే ఒక స్టార్ ఇచ్చేంత ఓపిక ఉండదు, పాట మార్చేసి ఊరుకుంటాడు. ఆటో రేటింగుకు ముడిసరుకు ఆ మార్చేయడమే.

ప్లేయర్ దగ్గరుండే చిట్టా చాలా చిన్నది. లైబ్రరీలో పాట చేరిన తేదీ, ఎన్నిసార్లు మోగింది, ఆఖరున మోగింది ఎప్పుడు, ఎన్నిసార్లు స్కిప్ చేశారు, ఆఖరి స్కిప్ ఎప్పుడు. ఇంతే. ఐట్యూన్స్‌లో స్కిప్‌ల లెక్క 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా లేనే లేదు. అంతవరకు విన్న పాటలకే జాడ ఉండేది. వంద సార్లు ఎదురుపడి వంద సార్లూ గెంటించుకున్న పాటకూ, ఒక్కసారి కూడా వంతు రాని పాటకూ చిట్టాలో తేడా కనిపించేది కాదు. రెండింటికీ సున్నాయే. వినియోగదారులు కొందరు సొంతంగా చిన్న చిన్న స్క్రిప్టులు రాసుకుని, ప్లే కౌంటునూ తేదీలనూ కలిపి స్టార్లు లెక్కగట్టడం ఆ రోజుల్లోనే మొదలైంది. విండోస్ మీడియా ప్లేయర్ కూడా ఎవరూ రేటింగ్ ఇవ్వని పాటలకు తానే స్టార్లు పెట్టేది, మనిషి వచ్చి స్టార్లిస్తే తన అంచనాను పక్కన పెట్టేది.

విన్నట్టు అంటే ఎంత విన్నట్టు?

ఈ లెక్కలన్నింటికీ పునాదిగా ఉన్న ప్రశ్న చూడడానికి చిన్నదే, ఒక్కో సాఫ్ట్‌వేరు మాత్రం ఒక్కో జవాబు చెబుతుంది. ఐట్యూన్స్ దృష్టిలో పాట చివరికంటా మోగితేనే ఒకటి పెరుగుతుంది. ఆఖరి ఐదు సెకన్ల ముందు తర్వాతి పాటకు వెళ్లినా అది విన్నట్టు కాదు. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఒక నిమిషం ఆగకుండా మోగితే చాలు. స్పాటిఫై 30 సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్‌గా లెక్కిస్తుంది. ఆడియోస్క్రాబ్లర్‌ది మరో పద్ధతి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ జోన్స్ 2002లో విద్యార్థిగా చేసిన ప్రాజెక్టు అది. తర్వాత లాస్ట్.ఎఫ్ఎమ్‌లో కలిసింది, ఆ సంస్థను 2007లో సీబీఎస్ 14 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. అందులో పాట నిడివి 30 సెకన్లకు మించి ఉండాలి, సగం పాటో నాలుగు నిమిషాలో, ఏది ముందైతే అంతవరకు మోగాలి. అప్పుడే నమోదవుతుంది.

మూడు నాలుగు నిమిషాల సినిమా పాటల విషయంలో ఈ తేడాలు పెద్దగా బాధించవు. తెలుగు ఇళ్లలో మోగేవి సినిమా పాటలొక్కటే కావు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం దాదాపు ఇరవై నిమిషాలు. పొద్దున్నే పెట్టి, పదిహేను నిమిషాలయ్యాక ఆఫీసుకు బయల్దేరుతూ కారులో వేరే పాటకు మారే ఇంట్లో, ఐట్యూన్స్ పద్ధతి ప్రకారం ఏడాది గడిచినా దాని ప్లే కౌంటు సున్నాయే. పైగా స్కిప్‌ల ఖాతా తెరిచిన ప్లేయరైతే మొత్తం ఏడాదికీ నచ్చని పాటగా ముద్ర వేసినా వేయొచ్చు. లాస్ట్.ఎఫ్ఎమ్ పద్ధతిలో నాలుగో నిమిషానికే మార్కు పడిపోతుంది, అంటే అయిదో వంతు వింటే చాలు. ఘంటసాల భగవద్గీతకైనా, గంటసేపు సాగే కచేరీ రాగాలాపనకైనా ఇదే చిక్కు. అందుకే విన్నారా లేదా అని రెండు ముక్కలుగా తేల్చే కొలత కన్నా, ఎంత శాతం విన్నారన్న కొలత మేలు. అందులోనూ పాట చివర వచ్చే మౌనాన్నీ, సన్నగిల్లిపోయే వాద్యాలనూ మినహాయించి, 85 శాతం దాటితే పూర్తిగా విన్నట్టే లెక్కేసుకోవాలి.

ఇక స్కిప్. దీన్ని తిరస్కారం అనుకోవడమే ఆటో రేటింగులో అందరూ చేసే మొదటి పని, మొదటి తప్పు కూడా. ఎకో నెస్ట్ సంస్థలో పనిచేసిన పాల్ లామీర్ 2014లో స్పాటిఫై వినికిడి రికార్డులను తిరగేసి తేల్చిన అంకెలు ఈ రంగంలో తరచూ వినబడతాయి. మొదలైన ఐదు సెకన్లలోపే పాట మార్చేసే అవకాశం సుమారు 24 శాతం. అర నిమిషం లోపు 35 శాతం. పాట పూర్తయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు మార్చేసేది దాదాపు 49 శాతం. అంటే మొదలైన పాటల్లో సగమే ఒడ్డుకు చేరుతున్నాయి. స్కిప్ అంత మామూలు పని అయినప్పుడు, ఒక్క స్కిప్‌కే పాటకు మార్కులు కోసేయడం న్యాయం కాదు. 2018, 19లలో స్పాటిఫై పది కోట్లకు పైగా వినికిడి సెషన్ల వివరాలను పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చి, తర్వాతి పాటను స్కిప్ చేస్తారో లేదో ముందే చెప్పమని పోటీ పెట్టింది. అంత సరంజామా అవసరమైందంటేనే స్కిప్ వెనక మనసు చదవడం తేలిక కాదని అర్థం.

పాట మారడానికి కారణాలు చాలా ఉంటాయి. షఫుల్‌లో పెట్టి, మనసులో ఉన్న ఒక పాట వచ్చేదాకా వరసగా తొమ్మిదింటిని తోసేసిన మనిషికి ఆ తొమ్మిదింటి మీదా కోపమేమీ లేదు. వెతుకుతున్నాడు, అంతే. రాత్రి పదకొండింటికి డప్పుల పాట వచ్చిందని మార్చినవాడికి ఆ పాటంటే ప్రాణం కావచ్చు. కాబట్టి తెలివైన లెక్క స్కిప్ ఎప్పుడు జరిగిందో చూస్తుంది. రెండు మూడు సెకన్లలో జరిగితే అది వెతుకులాట, పట్టించుకోనక్కర్లేదు. పది సెకన్ల నుంచి నిమిషం దాకా విని మార్చేస్తే మాత్రం పాటను గుర్తుపట్టి, కాదనుకున్నట్టు. పల్లవి అయ్యాకనో మొదటి చరణం అయ్యాకనో మారిస్తే మధ్యస్థం. వరసగా పడిన స్కిప్‌లలో ఒక్కోదానికీ బరువు తగ్గించాలి, ఆ వరసను ఆపి నిలబడిన పాటకు మాత్రం పెంచాలి. ఏరికోరి పేరు టైప్ చేసి, వెతికి పెట్టుకున్న పాట ఒక్కసారి మోగినా, షఫుల్‌లో తనంతట వచ్చి పోయిన ఐదుసార్ల కన్నా గట్టి సాక్ష్యం. చిత్రమేమిటంటే, వాడుకలో ఉన్న చాలా ప్లేయర్లు ఈ రెండు రకాల మోతలనూ ఒకే ప్లే కౌంటులో కలిపేస్తాయి, ఆ తేడా ఒకసారి పోయాక మళ్లీ రాబట్టడం సాధ్యం కాదు.

సగటుతో వచ్చే చిక్కులు

శాతాల పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చినది లైనక్స్ వాడేవారికి పరిచయమున్న ఆమరోక్ ప్లేయర్. అందులో మనిషి ఇచ్చే స్టార్లు వేరు, ప్లేయర్ తానుగా 100కు వేసే స్కోరు వేరు, రెండింటికీ రెండు గడులు. స్కోరు లెక్క సూటిగా ఉంటుంది. పాత స్కోరును ఇప్పటిదాకా మోగిన సంఖ్యతో గుణించి, ఈసారి విన్న శాతాన్ని కలిపి, ఒకటి పెంచిన సంఖ్యతో భాగించాలి. అంటే విన్న శాతాల సగటే. మూడుసార్లు మోగి 60 స్కోరున్న పాటను నాలుగోసారి పది శాతం విని మార్చేస్తే, స్కోరు 47.5కు పడిపోతుంది. అదే 60 స్కోరుతో ముప్పైసార్లు మోగిన పాటకు అదే పని చేస్తే 58.4 దగ్గర ఆగుతుంది.

ఈ ఉదాహరణలోనే సగటు బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. ఎక్కువ అనుభవమున్న పాట ఒక్క స్కిప్‌కు చలించదు, అది మంచిదే. కానీ కాలేజీ రోజుల్లో రెండు వందల సార్లు విని, ఇప్పుడు మొహం మొత్తిన పాట స్కోరు తగ్గాలంటే వరసగా డజన్ల కొద్దీ స్కిప్‌లు పడాలి. సగటుకు మరుపు లేదు. పదేళ్ల కిందటి ఇష్టమూ నిన్నటి విసుగూ దానికి సమానమే.

రెండో చిక్కు తక్కువ అనుభవమున్న పాటలది. ఒక్కసారి మోగి, చివరిదాకా విన్న పాటకు వందకు వంద. యాభైసార్లు వంతు వచ్చి 45 సార్లు పూర్తిగా విన్న పాటకు 90. లెక్క ప్రకారం మొదటిదే పైన ఉండాలి. ఒకే ఇన్నింగ్స్ ఆడి 80 కొట్టిన కుర్రాడిని, వంద టెస్టుల్లో 50 సగటున్న బ్యాట్స్‌మన్ కన్నా మొనగాడని ఏ అభిమానీ అనడు. ప్లేయర్‌కు ఆ ఇంగితం విడిగా నేర్పాలి.

దానికి ఫ్రెంచి గణితవేత్త పియర్ సైమన్ లప్లాస్ పద్దెనిమిదో శతాబ్దంలోనే చూపిన ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. చేతిలో ఉన్న సాక్ష్యానికి కొన్ని ఊహా ఫలితాలను ముందే కలిపి మొదలుపెట్టడం. లైబ్రరీ మొత్తం మీద ప్రతి మూడు వంతుల్లో రెండు పూర్తి వినికిళ్లు, ఒక స్కిప్ ఉన్నాయనుకుందాం. అప్పుడు ప్రతి పాట ఖాతాలోనూ నాలుగు వినికిళ్లు, రెండు స్కిప్‌లు ముందే వేసి ఉంచుతారు. ఒక్కసారే విన్న పాటకు ఇప్పుడు ఏడింట అయిదు, అంటే 71 శాతం. యాభైకి 45 ఉన్న పాటకు 56కు 49, అంటే 87.5 శాతం. ఒక్కసారే వంతు వచ్చి స్కిప్ అయిన పాట కూడా సున్నాకు పడిపోకుండా 57 దగ్గర నిలబడుతుంది. అసలు వంతే రాని పాట లైబ్రరీ సగటైన 67 దగ్గర ఉంటుంది. మంచీ చెడూ తేలని పాటను మధ్యలో నిలిపి ఉంచడం ఇందులోని కిటుకు. వంతులు పెరిగేకొద్దీ ఊహా ఫలితాల పట్టు సడలి, అసలు అలవాటు ముందుకొస్తుంది. ఇదే అవసరానికి అమెరికన్ గణితవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన మరో సూత్రం ఉంది. తక్కువ సాక్ష్యమున్నచోట అంచనాకు కింది అంచును మాత్రమే తీసుకునేందుకు అది వీలిస్తుంది. రెడిట్‌లో వ్యాఖ్యల వరస తేల్చడానికి 2009 నుంచి వాడింది దాన్నే. పాటల విషయంలో మాత్రం లప్లాస్ ఉపాయమే నయం. విల్సన్ పద్ధతిలో కొత్త పాటలు అట్టడుగున పడతాయి, అడుగున పడిన పాటకు మళ్లీ వంతు రాదు.

కాలం

2015లో చేర్చిన పాటకూ పోయిన నెల చేర్చిన పాటకూ ప్లే కౌంట్లు పోల్చడం అర్థం లేని పని. వయసును బట్టి రోజుకెన్నిసార్లు అని భాగిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. కొత్త పాటను మొదటి వారం రోజుకు నాలుగుసార్లు వినడం అందరి అలవాటు. ఆ వేగంతో లెక్కిస్తే ప్రతి కొత్త పాటా జీవితంలోకెల్లా గొప్ప పాటే అవుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపినట్టు, పదేపదే ఎదురుపడినదాని మీద ఇష్టం దానంతట అదే పెరుగుతుంది. అది ఎంతవరకు అన్నదానికి మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బెర్లైన్ 1970లలో ఇచ్చిన జవాబు బోర్లించిన చాపంలా ఉంటుంది. పరిచయం పెరిగేకొద్దీ ఇష్టం పెరిగి, ఒక దశ దాటాక దిగుతుంది. పాట విడుదలైన కొత్తలో టీవీలో, ఆటోలో, పెళ్లి బ్యాండులో వినీ వినీ విసిగిపోవడం అందరికీ అనుభవమే.

కాలాన్ని లెక్కలోకి తెచ్చే మామూలు మార్గం పాత సాక్ష్యానికి బరువు తగ్గిస్తూ పోవడం. ఆరు నెలలకు సగమవుతుందని పెట్టుకుంటే, ఇవాళ్టి వినికిడికి ఒకటి, ఆరు నెలల కిందటిదానికి అర, ఏడాది కిందటిదానికి పావు. స్కిప్‌లకూ ఇదే తరుగుదల. దీన్ని లప్లాస్ ఉపాయంతో జతచేస్తే ఒక మంచి గుణం వస్తుంది. యాభైకి 45తో 87.5 దగ్గరున్న పాటను ఏడాది పాటు ఎవరూ ముట్టుకోకపోతే అది 82కు, రెండేళ్లకు 75కు జారుతుంది. సున్నా వైపు కాదు, లైబ్రరీ సగటైన 67 వైపు. స్కిప్‌లతో అడుగుకు పోయిన పాట కూడా అలాగే నెమ్మదిగా సగటు దాకా పైకి తేలుతుంది. వినని పాటను నచ్చని పాటగా కాక, సంగతి మరిచిపోయిన పాటగా చూడడమన్నమాట. తగ్గేది పాట విలువ కాదు, దాని గురించి ప్లేయర్‌కున్న నమ్మకం.

ఈ తరుగుదలకు లొంగని పాటలున్నాయి. కార్తీకం, మార్గశిరాల్లో అయ్యప్ప దీక్షలో ఉన్న ఇంట్లో 41 రోజులూ మోగే భజనలు మిగతా పది నెలలూ మూలన ఉంటాయి. వినాయక చవితి పాటలకు పది రోజులే. క్రిస్మస్ పాటలకు డిసెంబరే. క్యాలెండరు తెలియని ప్లేయర్ డిసెంబరులో అయ్యప్ప పాటలను ఆకాశానికెత్తి, మార్చిలో కూడా వాటినే అందిస్తూ, స్కిప్‌లు పడ్డాక కిందికి దించుతుంది. తీరా మళ్లీ దీక్ష మొదలయ్యేసరికి అవి అడుగున ఉంటాయి. ఇలాంటివాటికి స్కోరు సరిచేయడం కన్నా, వాటిని వేరే ప్లేలిస్టులో పెట్టి షఫుల్ నుంచి తప్పించడం సులువు. అన్నీ సూత్రంతోనే తేల్చాలన్న పట్టుదల ఇక్కడ అనవసరం.

అలవాటు వేరు, ఇష్టం వేరు

సుప్రభాతం రోజూ మోగుతుంది. అది ఆ ఇంట్లో అందరికీ ఐదు స్టార్ల పాటేనా? కావచ్చు, కాకపోవచ్చు. అది పొద్దున జరిగే ఒక పని. వ్యాయామం చేసేటప్పుడు పెట్టే బీటుకూ, పాపను నిద్రపుచ్చే జోలకూ ఇదే వర్తిస్తుంది. చిట్టాలో అలవాటు కనిపిస్తుంది. ఇష్టాన్ని మాత్రం ఊహించాల్సిందే.

ఈ ఊహను గణితంలో పెట్టినవారు యీఫాన్ హు, యెహుదా కోరెన్, క్రిస్ వోలిన్‌స్కీ. 2008లో వెలువడిన వీరి పరిశోధనా పత్రం టీవీ ప్రేక్షకుల గురించి. ప్రేక్షకుడు స్టార్లేమీ ఇవ్వడు, కార్యక్రమం చూస్తాడు లేదా చూడడు. వారు ఒక్క అంకెను రెండుగా విడదీశారు. ఇష్టమా కాదా అన్నది ఒకటి, ఆ మాట ఎంత గట్టిగా చెప్పగలమన్నది మరొకటి. ఎక్కువసార్లు చూసినకొద్దీ పెరిగేది రెండోది. ఒకే చానల్ పెట్టి ఉంచేసినప్పుడు వరసగా వచ్చే రెండో, మూడో కార్యక్రమాలకు వారు బరువు తగ్గించారు. ప్రేక్షకుడు వాటిని ఎంచుకోలేదు, రిమోట్ ముట్టుకోలేదు, అంతే. పాటల స్ట్రీమింగ్ సేవల్లోకి ఈ ఆలోచన నేరుగా దిగింది. ఇంట్లో సొంత లైబ్రరీకైనా ఈ పాఠం చెల్లుతుంది. మూడు గంటలుగా ఎవరూ ఏ మీటా నొక్కకుండా మోగుతున్న ప్లేయర్ ముందు మనిషి ఉన్నాడన్న హామీ లేదు, ఆ పాటలకు పూర్తి మార్కులు పడకూడదు.

మనిషి ఉన్నా, ఏ మనిషి అన్నది తెలియదు. తాతగారి త్యాగరాజ కృతులూ, అబ్బాయి ర్యాపూ, మూడేళ్ల పాప రైమ్సూ ఒకే స్పీకర్‌లో, ఒకే ఖాతాలో మోగే ఇంట్లో వచ్చే రేటింగు ఎవరిదీ కాదు. స్పాటిఫై ప్రతి ఏడాది చివర్లో చూపే వ్రాప్డ్ అనే వినికిడి జాబితాలో పిల్లల పాటలు అగ్రస్థానంలో చూసి తలపట్టుకునే తల్లిదండ్రులు ఎందరో. ప్రైవేట్ సెషన్ పెట్టుకోవడం, ఫలానా ప్లేలిస్టును అభిరుచి లెక్కలోంచి మినహాయించమని చెప్పడం లాంటి వీలు ఆ సేవలో వచ్చింది ఇందుకే.

తెలుగు సినిమా పాటల సేకరణకు మరో పాత జబ్బుంది. ఒకే పాట సినిమా ఆల్బమ్‌లో ఒకసారి, గాయకుడి హిట్స్‌లో ఒకసారి, హీరో హిట్స్‌లో ఒకసారి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగు. గాయకుడి గడిలో నటుడి పేరుండడమూ అరుదు కాదు. మూడు ప్రతుల మధ్య ప్లే కౌంటు చీలిపోయి, నిజానికి అరవైసార్లు విన్న పాట ఇరవై ఇరవైగా మూడుచోట్ల మధ్యస్థంగా కనిపిస్తుంది. పేర్లను నమ్మకుండా శబ్దాన్నే పోల్చి ఒకే రికార్డింగును గుర్తుపట్టే అకౌస్టిక్ ఫింగర్‌ప్రింట్ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. ప్రతులను కలపకుండా ఎంత గొప్ప సూత్రం వాడినా ఫలితం తప్పే.

స్కోరు వచ్చాక దాన్ని స్టార్లుగా మార్చడం చిన్న పని. ఐట్యూన్స్ లోపల స్టార్లను వందకే దాచుకుంటుంది, ఒక్కో స్టార్‌కు 20. కానీ 80 దాటితే ఐదు అని గీత గీస్తే పాటల్లో ఎక్కువ భాగం నాలుగు స్టార్ల దగ్గరే గుమికూడతాయి, ఎందుకంటే లైబ్రరీలో ఉన్నవే ఏరి తెచ్చుకున్న పాటలు. స్కోరు క్రమంలో నిలబెట్టి పై పది శాతానికి ఐదు, ఆ తర్వాతి ఇరవై శాతానికి నాలుగు అని పంచడం మేలు. కొత్తగా మంచి పాటలు చేరితే పాతవాటికి స్టార్ తగ్గుతుంది, పాట ఏ తప్పూ చేయకుండానే. స్మార్ట్ ప్లేలిస్టులు నడపడానికైతే అది ఇబ్బందేమీ కాదు.

అసలు ప్రమాదం ఆ ప్లేలిస్టుల దగ్గరే ఉంది. ఎక్కువ స్టార్లున్న పాటలను ప్లేయర్ ఎక్కువగా అందిస్తే, అవే ఎక్కువగా మోగుతాయి, వాటికే ఇంకా మార్కులు పడతాయి. కొన్నాళ్లకు ఐదు వేల పాటల లైబ్రరీ రెండు వందల పాటలకు కుంచించుకుపోతుంది. తెలిసిన మంచిని వాడుకోవడమా, తెలియనిదాన్ని పరీక్షించడమా అన్న ఈ మీమాంసకు విలియం థాంప్సన్ 1933లో, రెండు చికిత్సల్లో ఏది మెరుగో తేల్చే సందర్భంలో, ఒక మార్గం చెప్పాడు. పాటలకు అన్వయిస్తే అది ఇలా ఉంటుంది. ప్రతి పాట స్కోరునూ ఒకే అంకెగా కాక, ఉండగల హద్దులతో ఒక పరిధిగా చూడాలి. ఎన్నోసార్లు విన్న పాటకు పరిధి ఇరుకు, కొత్తదానికి విశాలం. ప్రతి పాట పరిధిలోంచీ యాదృచ్ఛికంగా ఒక అంకె తీసి, పెద్దది వచ్చిన పాటను మోగించాలి. నచ్చిన పాటలు తరచూ గెలుస్తాయి. అప్పుడప్పుడు ఏ మూలనో ఉన్న పాట కూడా తన విశాలమైన పరిధి పుణ్యాన గెలిచి వంతు సంపాదించుకుంటుంది. నచ్చకపోతే ఒకటి రెండు స్కిప్‌లతో సంగతి తేలిపోతుంది, పెద్దగా పోయేదేమీ లేదు.

మనిషి తానుగా ఇచ్చిన స్టార్లను ఈ లెక్క చెరిపేయకూడదు. ఆమరోక్ రెండు గడులు పెట్టడం, ఐట్యూన్స్ తాను లెక్కగట్టిన స్టార్లను బోలుగా, మనిషి ఇచ్చినవాటిని నిండుగా చూపడం ఆ జాగ్రత్తలే. ఏడాదికొక్కసారి మాత్రమే వినగలిగే పాటలుంటాయి. పోయినవారిని గుర్తుచేసేది ఒకటి, పాత ఊరిని గుర్తుచేసేది ఒకటి. వాటికి ప్లేయర్ ఎప్పటికీ మధ్యస్థం మార్కులే వేస్తుంది, ఐదు స్టార్లు చేత్తో పెట్టుకోవాల్సిందే.

ఈ మార్కులన్నీ ఎక్కడ దాగి ఉంటాయో తెలుసుకోవడమూ అవసరం. ఎంపీ3 ఫైలులోనే రేటింగును దాచుకునేందుకు ఐడీ3 ట్యాగులో పాపులారిమీటర్ అని ఒక చోటుంది. అందులో 1 నుంచి 255 దాకా రేటింగు, ఎన్నిసార్లు మోగిందన్న లెక్క, ఆ రేటింగు ఎవరిదో చెప్పే ఈమెయిల్ చిరునామా పడతాయి. ఒకే ఫైలును పదిమంది వాడినా ఎవరి మార్కులు వారికి ఉండాలన్న ముందుచూపు అది, వాడింది మాత్రం తక్కువ. విండోస్ ఐదు స్టార్లను 1, 64, 128, 196, 255గా రాస్తుంది. వేరే ప్లేయర్లు మెట్లు వేరేగా పెట్టుకోవడంతో ఒకదానిలోని మూడు స్టార్లు మరోదానిలో మూడున్నరగా కనిపించడం కద్దు. ఐట్యూన్స్ అయితే రేటింగును ఫైలులో రాయనే రాయదు, తన లైబ్రరీలోనే ఉంచుకుంటుంది. ఆ లైబ్రరీ పోతే పదేళ్ల మార్కులూ పోతాయి. అందుకే స్కోరును కాక, ఏ పాట ఏ తేదీన ఏ సమయానికి విన్నారన్న మూల చిట్టాను భద్రపరచుకోవడం మంచిదని ఈ పని చేసేవారు చెబుతారు. లాస్ట్.ఎఫ్ఎమ్‌లోగానీ, మెటాబ్రెయిన్జ్ సంస్థ నడిపే ఉచిత సేవ లిజన్‌బ్రెయిన్జ్‌లోగానీ అది వరసగా నమోదవుతూ ఉంటుంది. సూత్రం మార్చుకోవాలనిపించిన రోజున ఆ చిట్టా నుంచే మార్కులన్నీ మొదటి నుంచి తిరిగి లెక్కగట్టుకోవచ్చు.